46 అడుగుల దూరంలో ఒక చేతివిద్య

1946లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వాలా వాలా అనే చిన్న ఊరికి చెందిన ఎడ్డీ ఫైగ్నర్ అనే యువకుడు ఒక సవాలు విసిరాడు. బేస్‌బాల్‌కు తమ్ముడిలాంటి ఆట సాఫ్ట్‌బాల్. దాని జట్టంటే తొమ్మిది మంది ఉండాలి. తను నలుగురితోనే ఆడి గెలుస్తానన్నాడు. బంతి విసరడానికి తను, పట్టుకోవడానికి క్యాచర్, బ్యాటర్ పరుగెత్తి మొదట చేరాల్సిన ఫస్ట్ బేస్ దగ్గర ఒకడు, రెండో, మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్‌గా ఇంకొకడు. వాళ్ల వెనక మైదానం మొత్తం ఖాళీ. అన్నంత పనీ చేశాడు. ఆ తర్వాత 'ద కింగ్ అండ్ హిజ్ కోర్ట్' పేరుతో ఆ నలుగురి జట్టును వెంటబెట్టుకుని 50 ఏళ్లకు పైగా ఊరూరా తిరిగాడు. కళ్లకు గంతలు కట్టుకుని విసిరేవాడు, వీపు వెనక నుంచి విసిరేవాడు, ఎక్కడో వెనకున్న సెకండ్ బేస్ దగ్గర నిలబడి కూడా విసిరేవాడు. 1967లో లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో జరిగిన ఒక ప్రదర్శన మ్యాచ్‌లో పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాళ్లు విల్లీ మేస్, విల్లీ మెకోవీ, మౌరీ విల్స్, హార్మన్ కిల్‌బ్రూ, రొబెర్టో క్లెమెంటే, బ్రూక్స్ రాబిన్సన్‌లను వరసగా స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. వాళ్లలో ఐదుగురు మహామహుల జాబితా అయిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాళ్లు.

నలుగురితో ఎలా సరిపోయింది? బ్యాటుకు బంతే తగలనప్పుడు ఫీల్డర్లతో పనేముంది!

పురుషుల ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ కథంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుందని నాకనిపిస్తుంది. ఆ ఆటను చూసినవాళ్లు మర్చిపోలేకపోవడానికి కారణం పిచర్, అంటే బంతి విసిరేవాడి చేతిలో ఉన్న శక్తి. ఒకప్పుడు అమెరికాలో ఊరూరా వెలిగిన ఆట ఇప్పుడు వెతికితే తప్ప దొరకకపోవడానికీ అదే కారణం. కంపెనీలు మూతపడ్డాయనీ, ఒలింపిక్స్‌లో చోటు దొరకలేదనీ, కాలం మారిందనీ చెబుతుంటారు. అన్నీ నిజాలే. కానీ అవన్నీ వచ్చి తగిలిన చోటు మాత్రం ఒకటే: పిచర్ తయారయ్యే దారి.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు సాఫ్ట్‌బాల్ అనగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి, ఆఫీసు వాళ్లంతా కలిసి వేసవి సాయంత్రాల్లో పార్కులో సరదాగా ఆడేది. రెండోది, స్కూల్లో ఆడపిల్లలు ఆడేది. మొదటిది స్లోపిచ్. అందులో బంతిని పైకి విల్లులా వంపు తిరిగేలా నెమ్మదిగా వేస్తారు. ఎవరైనా కొట్టొచ్చు, కొట్టాలనే అలా వేస్తారు. రెండోది ఫాస్ట్‌పిచ్. చేతిని భుజం చుట్టూ గాలిమరలా ఒక పూర్తి చుట్టు తిప్పి, తుంటి పక్కనుంచి బంతిని వదులుతారు. అందుకే ఆ పద్ధతికి విండ్‌మిల్ అని పేరు. మగవాళ్లు కూడా ఈ ఫాస్ట్‌పిచ్ ఆడతారని, దానికి 1966 నుంచి ప్రపంచ పోటీలున్నాయని చెబితే ఇవాళ అమెరికన్లే చాలామంది ఆశ్చర్యపోతారు.

సెకనులో మూడో వంతు

ఈ ఆటలో కష్టం ఎంతో లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. బేస్‌బాల్‌లో పిచర్‌కు, బ్యాటర్‌కు మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పురుషుల ఫాస్ట్‌పిచ్‌లో 46 అడుగులు, అంటే 14 మీటర్లు. మన క్రికెట్ పిచ్ 22 గజాలు, 20 మీటర్ల పైచిలుకు. పిచర్ ముందుకు దూకి బంతి వదిలేసరికి ఆ 14 మీటర్లలో కూడా ఓ రెండు మీటర్లు కరిగిపోతాయి. అగ్రశ్రేణి పిచర్లు గంటకు 130 కిలోమీటర్ల వేగంతో విసురుతారు. అంటే బంతి చెయ్యి దాటాక బ్యాటర్ ముందుకొచ్చేసరికి పట్టే సమయం సుమారు 0.34 సెకన్లు. బేస్‌బాల్ దూరం నుంచి అంతే సమయంలో బంతి రావాలంటే గంటకు 175 కిలోమీటర్లు దాటి విసరాలి. బేస్‌బాల్‌లో వేగానికి రికార్డుగా చెప్పుకునే ఆరోల్డిస్ చాప్‌మన్ బంతి, 2010లో విసిరింది, గంటకు 170 కిలోమీటర్లు. ఆ దూరం నుంచి అంత వేగంగా ఇంతవరకు ఎవరూ విసరలేదన్నమాట.

వేగం ఒక్కటే అయితే అలవాటు పడొచ్చు. అసలు చిక్కు బంతి వచ్చే దారిలో ఉంది. క్రికెట్‌లోనైనా బేస్‌బాల్‌లోనైనా బంతి పైనుంచి కిందికి వస్తుంది. చిన్నప్పటి నుంచి మన కన్ను నేర్చుకున్నది అదే. ఇక్కడ మాత్రం పిచర్ నిలబడేది నేల మట్టంలోనే. బేస్‌బాల్‌లోలా 10 అంగుళాల ఎత్తు దిబ్బ ఉండదు. బంతి తుంటి దగ్గర నుంచి బయల్దేరి పైకి వస్తుంది. దానికి వేళ్లతో కింద నుంచి వెనక్కి గట్టి స్పిన్ ఇస్తే అది రైజ్‌బాల్. బౌన్సర్ నేల మీద పడి లేస్తుంది. ఇది ఎక్కడా పడకుండానే గాల్లో లేచినట్టుంటుంది. నిజంగా లేస్తుందా అంటే, భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు ఒప్పుకోరు. స్పిన్ వల్ల గాలి బంతిని పైకి నెడుతుంది కానీ బరువును పూర్తిగా గెలిచి దారిని పైకి వంచేటంత బలం దానికి చాలదంటారు. బంతి దిగాల్సినంత దిగదు, అంతే. కానీ బ్యాటర్ మెదడు ఎక్కడికి దిగుతుందని అంచనా వేసిందో దానికన్నా పైనుంచి అది వెళ్లిపోతుంది. బ్యాటు కింద గాలిని కొడుతుంది. మరుసటి బంతి అదే చేతి తిప్పుడుతో డ్రాప్‌గా వస్తుంది, ఆఖరి క్షణంలో కాళ్ల దగ్గరికి పడిపోతుంది. దాని తర్వాతిది అదే ఊపుతో వచ్చే చేంజప్. చెయ్యి అంతే వేగంగా తిరుగుతుంది, బంతి మాత్రం తీరిగ్గా వస్తుంది. బ్యాటర్ అప్పటికే ఊపేసి ఉంటాడు.

కాబట్టి ఇద్దరు గొప్ప పిచర్లు ఎదురుపడితే పరుగన్నది బంగారం అవుతుంది. 1976లో న్యూజిలాండ్‌లోని లోయర్ హట్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో అమెరికా పిచర్ టై స్టాఫ్లెట్, న్యూజిలాండ్ పిచర్ కెవిన్ హెర్లిహీ తలపడ్డారు. మామూలుగా ఆట ఏడు ఇన్నింగ్స్‌లు, అంటే ఒక్కో జట్టుకు ఏడు విడతల బ్యాటింగ్. ఆ రోజు 20 ఇన్నింగ్స్‌లు సాగింది. స్టాఫ్లెట్ ఒక్కడే 32 మందిని స్ట్రైకౌట్ చేశాడు. చివరకు అమెరికా 1-0తో గెలిచింది. ఇన్నేళ్లయినా ఈ ఆటను ప్రేమించేవాళ్లు ఆ మ్యాచ్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. అన్నట్టు ఆ ఏడాది ఫైనల్ వాన పాలైంది. కప్పును అమెరికా, కెనడా, న్యూజిలాండ్ పంచుకోవాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీ గేటు ముందు మైదానం

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో నాలుగ్గోడల మధ్య పుట్టింది. ఒక బాక్సింగ్ గ్లవ్‌ను ముడేసి బంతిగా, చీపురు కర్రను బ్యాటుగా వాడారు. పేరు కుదిరింది 1920లలో. అసలు ఊపు వచ్చింది 1930ల మహామాంద్యంలో. పనుల్లేవు, చేతిలో డబ్బుల్లేవు, సాయంత్రాలు మాత్రం చాలా పొడుగ్గా ఉన్నాయి. బేస్‌బాల్‌కు పెద్ద మైదానం కావాలి. దీనికి బేస్‌ల మధ్య 60 అడుగులుంటే చాలు. చిన్న మైదానం కాబట్టి దీపాలు పెట్టడం సులువు. పని దిగి, అన్నం తిని వచ్చి కూడా చూడొచ్చు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జాతీయ స్థాయి పోటీ జరిగింది. ఆ ఏడాదే అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది.

దీన్ని పెంచి పోషించింది ఫ్యాక్టరీలు. ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో ఇంజిన్ పిస్టన్లు తయారుచేసే ఫ్రెడ్ జోల్నర్ జట్టు 1945, 46, 47లలో వరసగా జాతీయ చాంపియన్. ఇవాళ బాస్కెట్‌బాల్ చూసే మనవాళ్లకు తెలిసిన డెట్రాయిట్ పిస్టన్స్ కూడా మొదట ఆ జోల్నర్‌దే, ఆ ఊరిదే. 1957లో డెట్రాయిట్‌కు తరలింది. పేరులో పిస్టన్లు ఎందుకున్నాయో ఇప్పుడు ఎవరూ అడగరు. కనెటికట్‌లో బ్రేక్ లైనింగ్‌లు చేసే రేబెస్టాస్, ఇలినాయ్‌లో బేరింగ్‌లకు పేరున్న సీల్‌మాస్టర్, ట్రాక్టర్ల క్యాటర్‌పిల్లర్, ఇలా కార్మికుల జట్లు దేశాన్ని ఊపేశాయి. ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ బాంబర్స్ 1950 నుంచి 1973 మధ్య 10 సార్లు జాతీయ టైటిల్ గెలిచింది. మంచి పిచర్‌కు కంపెనీలో ఉద్యోగం దొరికేది. మన దగ్గర రైల్వే, బ్యాంకు, పోలీసు జట్లలో ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చిన పద్ధతి గుర్తుకొస్తుంది కదా, అలాంటిదే. పొద్దున షిఫ్టు, సాయంత్రం బంతి. పక్కనే పెద్ద పిచర్. కుర్రాడు ఆయన పక్కన నిలబడి, వేళ్లు బంతి కుట్ల మీద ఎలా పెట్టాడో చూసి నేర్చుకునేవాడు. ఈ విద్యకు పాఠశాల ఏదైనా ఉందంటే ఆ ఫ్యాక్టరీ మైదానమే.

గొలుసు ఎక్కడ తెగింది

1950లు వచ్చేసరికి స్లోపిచ్ జోరందుకుంది. 1953 నాటికే దానికి జాతీయ పోటీలు మొదలయ్యాయి. దీన్ని తప్పుపట్టలేం. వారమంతా పని చేసి వచ్చిన మనిషికి నాలుగు బంతులు కొట్టాలని ఉంటుంది. ఫాస్ట్‌పిచ్‌లో అవతల మంచి పిచర్ ఉంటే మూడుసార్లు బ్యాటింగ్‌కు వెళ్లి మూడుసార్లూ ఊరికే తిరిగి రావాలి. మైదానంలో నిలబడ్డా బంతి తన వైపు రాదు. చూసేవాడికి అది అద్భుతం. కానీ ఆడే తొమ్మిది మందిలో ఎనిమిది మందికి అది ఎదురుచూపే. స్లోపిచ్‌లో ప్రతివాడూ కొడతాడు, ప్రతివాడూ పరుగెత్తుతాడు. దానికి ప్రత్యేకంగా పిచర్‌ను వెతుక్కోనక్కర్లేదు. ఊళ్లలో లీగ్‌లు ఒక్కొక్కటే అటు మళ్లాయి.

ఇంకో చిక్కు లోపలే ఉంది. బేస్‌బాల్ పిచర్ ఒక మ్యాచ్ ఆడితే నాలుగైదు రోజులు భుజానికి విశ్రాంతి ఇవ్వాలి. అందుకే ఒక జట్టుకు నలుగురైదుగురు పిచర్లు కావాలి. ఫాస్ట్‌పిచ్‌లో టోర్నమెంటంతా ఒకే పిచర్ రోజు తర్వాత రోజు విసరగలడు. ఒక మేటి పిచర్ దొరికితే జట్టు దశ తిరిగినట్టే. మరి ఏ జట్టైనా ఏం చేస్తుంది? ఆ ఒక్కడినే తెచ్చుకుంటుంది. అమెరికా జట్లు న్యూజిలాండ్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఖర్చులు పెట్టుకుని మరీ పిచర్లను పిలిపించుకోవడం మొదలుపెట్టాయి. ఆట నాణ్యత పెరిగింది. అదే సమయంలో ఊళ్లో రెండో స్థాయి పిచర్‌గా ఎదుగుతున్న కుర్రాడికి బంతి దక్కలేదు. అతను బెంచీ మీద రెండు వేసవులు కూర్చున్నాడు, మూడో వేసవికి స్లోపిచ్‌కు వెళ్లిపోయాడు. నా మటుకు ఈ ఆట క్షీణతలో కంపెనీల మూత కన్నా ఇదే లోతైన గాయం. డబ్బు పోతే ఇంకొకరు పెడతారు. కానీ రైజ్‌బాల్ స్పిన్ ఒంటబట్టడానికి ఏళ్లు పడుతుంది. ఒక తరం కుర్రాళ్లు నేర్చుకోకపోతే తర్వాతి తరానికి నేర్పేవాళ్లే ఉండరు.

ఫ్యాక్టరీల కథ తెలిసిందే. మధ్య పడమటి రాష్ట్రాల్లో పరిశ్రమలు ఒక్కొక్కటిగా సన్నగిల్లాయి, ఉన్నవి వినోదానికి పెట్టే ఖర్చు తగ్గించుకున్నాయి. ఇంట్లో టీవీ వచ్చింది. సాయంత్రం దీపాల కింద జనం పలచబడ్డారు.

ఆడపిల్లల వైపు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లలకూ సమానంగా అవకాశాలివ్వాలని ఆ చట్టం చెప్పింది. అబ్బాయిలకు బేస్‌బాల్ ఉంది కాబట్టి అమ్మాయిలకు సాఫ్ట్‌బాల్ అన్న ఏర్పాటు స్థిరపడింది. 1982లో కాలేజీ స్థాయిలో జాతీయ చాంపియన్‌షిప్ మొదలైంది. స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. స్కాలర్‌షిప్ ఉన్న చోటికి కోచ్‌లు వస్తారు, కోచ్‌లున్న చోటికి పదేళ్ల పిల్లను చెయ్యి పట్టుకుని నాన్న తీసుకొస్తాడు. మగవాళ్ల ఆటలో తెగిపోయిన గొలుసు ఇక్కడ కొత్తగా పోతపోశారు. ఇవాళ ఓక్లహామా సిటీలో జరిగే మహిళల కాలేజీ వరల్డ్ సిరీస్‌ను 12,000 మందికి పైగా పట్టే స్టేడియంలో కూర్చుని చూస్తున్నారు. ఆ ఆడపిల్లలు సాధించినది చిన్నది కాదు. మగవాళ్ల ఆట తగ్గింది వాళ్ల వల్లనే అనడం అన్యాయం. స్లోపిచ్ జోరు ఆ చట్టానికి ముందే మొదలైంది. చట్టం తర్వాత వచ్చిన మార్పల్లా ఏమిటంటే, అమెరికన్ బడిలో సాఫ్ట్‌బాల్ అంటే అమ్మాయిల ఆట అని అర్థం స్థిరపడిపోయింది. పన్నెండేళ్ల అబ్బాయికి ఆ బంతి చేతికి అందే సందర్భమే లేకుండాపోయింది.

ఒలింపిక్స్ ఆ అర్థానికి ముద్ర వేసింది. 1996 అట్లాంటాలో సాఫ్ట్‌బాల్ వచ్చింది, మహిళలకు మాత్రమే. 2008 దాకా సాగి, ఆగి, టోక్యోలో ఒకసారి కనిపించి, 2028 లాస్ ఏంజెలెస్‌కు మళ్లీ వస్తోంది. ప్రతిసారీ మహిళలకే. మగవాళ్లకు జోడీగా బేస్‌బాల్‌ను లెక్కించారు. చాలా దేశాల్లో ప్రభుత్వం క్రీడలకు డబ్బిచ్చేది ఒలింపిక్ పతకాల లెక్క చూసుకునే. ఆ జాబితాలో లేని ఆటకు సొంత జేబే దిక్కు.

ఎక్కడ మిగిలింది, ఎందుకు మిగిలింది

ప్రపంచ పోటీలు జరిగిన ఊళ్లలో కొన్నింటి పేర్లు చదివితే ఒక విషయం అర్థమవుతుంది. మిషిగన్‌లోని మిడ్‌లాండ్ రెండుసార్లు. కెనడా ప్రయరీ మైదానాల్లోని సస్కటూన్ మూడుసార్లు. లోయర్ హట్. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్. 2017లో కెనడా వాయవ్య మూలన యూకాన్‌లోని వైట్‌హార్స్. ఇవేవీ మహానగరాలు కావు. ఒకరి కొడుకు ఇంకొకరి కొడుక్కి బంతి విసిరే ఊళ్లు.

న్యూజిలాండ్‌లో ఈ ఆట 1930లలో వేళ్లూనింది, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ దిగిన అమెరికన్ సైనికులతో ఇంకా పెరిగింది. పట్టుమని 50 లక్షల జనాభా ఉన్న ఆ దేశపు జట్టు బ్లాక్ సాక్స్, 1976లో పంచుకున్నదాన్ని కలుపుకుని, ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచింది. అక్కడ బేస్‌బాల్ పెద్దగా లేదు, కాబట్టి విసిరే చెయ్యి ఉన్న కుర్రాణ్ని అటు లాక్కుపోయేవాళ్లూ లేరు. అమెరికాలో ఈ ఆటకు పెద్ద పోటీ అన్నలాంటి బేస్‌బాల్‌దే కదా.

కెనడాలో ఆదివాసీ సమాజాలు ఈ ఆటను తమదిగా చేసుకున్నాయి. గార్డెన్ రివర్ ఫస్ట్ నేషన్‌కు చెందిన ఒజిబ్వే తెగ మనిషి డారెన్ జాక్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా భయపెట్టే పిచర్లలో ఒకడు. ఒంటారియోలోని సిక్స్ నేషన్స్ నుంచి వచ్చిన హిల్ యునైటెడ్ చీఫ్స్ క్లబ్ జట్ల స్థాయిలో ప్రపంచ టోర్నమెంట్లు గెలిచింది.

అన్నింటికన్నా నాకు ముచ్చటగా అనిపించేది అర్జెంటీనా కథ. ఫుట్‌బాల్ తప్ప మరో మాట వినపడదనుకునే దేశం. అందులో పరానా అనే నదీతీర నగరం. ఆ ఊరికి సాఫ్ట్‌బాల్ పిచ్చి. చిన్నప్పటి నుంచి కలిసి ఆడిన ఆ ఊరి కుర్రాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న జట్టు 2019లో ప్రాగ్‌లో, యూరప్‌లో మొదటిసారి జరిగిన పురుషుల ప్రపంచ పోటీల్లో, ఫైనల్లో జపాన్‌ను ఓడించి చాంపియన్ అయింది. ఒలింపిక్ ఆశ లేదు, స్కాలర్‌షిప్ లేదు, పెద్ద జీతం లేదు. ఊళ్లో క్లబ్బులున్నాయి, క్లబ్బుల్లో పెద్దవాళ్లున్నారు. ఫోర్ట్ వేన్‌లో ఒకప్పుడు ఉన్నదీ, ఇప్పుడు లేనిదీ అదే.

విద్య కూడా పూర్తిగా పోలేదు. కొత్త ఇల్లు చూసుకుంది. న్యూజిలాండ్‌లో పుట్టి పురుషుల ఫాస్ట్‌పిచ్‌లో మేటి పిచర్‌గా పేరు తెచ్చుకున్న మైక్ వైట్ ఇప్పుడు అమెరికాలో మహిళల కోచ్. ఆయన శిక్షణలో టెక్సస్ యూనివర్సిటీ అమ్మాయిలు 2025లో మొదటిసారి జాతీయ చాంపియన్లయ్యారు. మగవాళ్ల ఆట ఎంత చిన్నదైనా, అక్కడ పదును పెట్టిన రైజ్‌బాల్ ఓక్లహామా సిటీలో నిండు స్టేడియం ముందు తిరుగుతోంది.

మన సంగతికొస్తే, అమెరికా బడుల్లో అబ్బాయిలకు దొరకని సాఫ్ట్‌బాల్ మన దగ్గర దొరుకుతుంది. స్కూల్ గేమ్స్‌లో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు జట్లున్నాయి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లెల పిల్లలకు నేర్పే ఆటల్లో ఇదీ ఒకటి. క్రికెట్ నీడలో ఈ ఆట గురించి పత్రికల్లో ఒక మూల నాలుగు వాక్యాలు వస్తే గొప్ప. కానీ గ్లవ్ తొడుక్కుని ఎండలో నిలబడే కుర్రాడు ఉన్నాడు, జట్టు ఉంది, ఎదురు ఆడే జట్టూ ఉంది. అతనికి ఇంకా కావాల్సింది 14 మీటర్ల అవతల ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుని, బంతి వెనక్కి విసురుతూ, మణికట్టు ఇంకొంచెం ముందు తిప్పరా అని రోజూ చెప్పే మనిషి.